ఎడిసన్‌లో ఇటుకల పొయ్యి

అమెరికా వెళ్లివచ్చిన వాళ్లు నయాగరా జలపాతం గురించీ, న్యూయార్కు మేడల గురించీ చెబుతారు. నేనూ ఆ రెండూ చూశాను. కాని ఆరు నెలలు అక్కడుండి తిరిగి వచ్చాక, "ఏం చూశారండీ?" అని ఎవరైనా అడిగితే, నా నోట ముందుగా వచ్చే మాట మా అబ్బాయి పెరట్లో పొయ్యి. విన్నవాళ్లు నవ్వుతారు. పొయ్యి చూడడానికి సముద్రాలు దాటి వెళ్లాలా అని. చూడడానికి కాదు, కట్టడానికి వెళ్లినట్టయింది నా ప్రయాణం.

2023 మే నెలలో వెళ్లాను. అంతకు ముందు ఏడాది మా ఇంటావిడ పోయింది. రాజమండ్రిలో నేనొక్కణ్ణే. పొద్దున్న కాఫీ కాచుకోవడం, సాయంత్రం గోదావరి గట్టున నలుగురితో కూర్చుని రావడం, రాత్రి టెలిఫోనులో మనవడి మొహం చూడడం, ఇదీ నా దినచర్య. "వీసా ఉందిగదా, వచ్చి ఆరు నెలలుండు నాన్నా" అని మా అబ్బాయి పట్టుబట్టాడు. వెళ్లాను.

మా వాడుండేది న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊళ్లో. 1954 దాకా దాని పేరు రారిటన్. అక్కడ మెన్లో పార్కు అనే పేటలో 1876లో థామస్ ఎడిసన్ ప్రయోగశాల పెట్టాడు. 1879లో ఆయన వెలిగించిన విద్యుద్దీపం ప్రపంచాన్ని మార్చింది. అంచేత దరిమిలా ఊరికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ ప్రయోగశాల ఉన్నచోట గోపురమొకటి కట్టి, పైన పెద్ద గాజుబుడ్డి ఆకారం నిలబెట్టారు. మన ధ్వజస్తంభంలా దూరానికి కనిపిస్తుంది.

ఇహ ఆ ఊరి పక్కనే ఓక్ ట్రీ రోడ్డు. అక్కడికి వెళితే అమెరికా వచ్చామన్న సంగతే మరిచిపోతాం. చీరల కొట్లు, నగల కొట్లు, మిఠాయి కొట్లు. గోంగూర కట్టలు, కరివేపాకు, ములక్కాయలు. మొదటి వారం నేను అక్కడే తిరిగాను. రెండో వారానికి విసుగు పుట్టింది. ఇన్ని వేల మైళ్లు వచ్చి గోంగూర బేరం చెయ్యడమెందుకు?

పగలు ఇంట్లో ఎవరి గదిలో వాళ్లు. అబ్బాయీ కోడలూ చెరో యంత్రం ముందూ కూర్చుని ఎవరితోనో మాట్లాడుతూ ఉంటారు. తొమ్మిదేళ్ల మనవడు బడికి వెళతాడు. "మావయ్యగారూ, మీరేం చెయ్యకండి, విశ్రాంతి తీసుకోండి" అంటుంది కోడలు. అంతకన్న కష్టమైన పని మరొకటి లేదు.

అటువంటప్పుడు ఒక ఆదివారం మావాడు ఏదో బొమ్మల పుస్తకం తెచ్చి చూపించాడు. అందులో రకరకాల పొయ్యిలు. పీజా కాల్చుకునేందుకు పెరట్లో పెట్టుకునేవి. తయారుగా ఉన్నది ఒకటి కొని తెచ్చి పెట్టేస్తామన్నాడు. ఆ ధర మన రూపాయల్లోకి మార్చి చూసి నేను ఉలిక్కిపడ్డాను.

"ఇటుకలతో మనమే కట్టలేమా?" అన్నాను.

"నీకొచ్చా నాన్నా?" అన్నాడు.

నిజానికి నాకు రాదు. ముప్పై అయిదేళ్లు ఓవర్సీరుగా పని చేశాను. గోడలు, తూములు, వంతెనలు ఎన్నో కట్టించాను. రసమట్టం పెట్టి చూడడం, "ఇక్కడ వంకర పోయింది, విప్పి మళ్లీ కట్టు" అనడం నా ఉద్యోగం. నా చేత్తో ఒక్క ఇటుకైనా పెట్టిన పాపాన పోలేదు. అయినా కొడుకు అడిగేసరికి మాట తూలిపోయింది. "రాకేం!" అనేశాను.

కంచెకు అవతల ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడు. ఎనభై ఏళ్లు. రోజూ తెల్లవారగానే తోటలో రామ్ములక్కాయ మొక్కలకు కర్రలు కడుతూ కనిపించేవాడు. పలకరిస్తే తల ఊపేవాడు, అంతే. మేము పెరట్లో ముగ్గుపిండితో గుండ్రంగా గీత గీస్తూంటే కంచె దగ్గరికి వచ్చి కాసేపు చూశాడు. "అది ఏమిటి?" అన్నాడు. చెప్పాను. "నిప్పు ఎటు? గాలి ఎటు?" అన్నాడు. మేము దిక్కులు చూశాం. ఆయన కంచె తలుపు తీసుకుని ఇవతలికి వచ్చేశాడు. ఆయన జీవితమంతా తాపీపని చేసినవాడని అప్పుడు తెలిసింది. తల్లిదండ్రులు నేపుల్సు దగ్గర, వెసూవియస్ కొండ కింది పల్లె నుంచి వలస వచ్చినవారట. ఆ కొండ క్రీస్తు శకం 79లో పేలి పాంపే పట్టణాన్ని బూడిదలో పూడ్చేసిందని మనం చదువుకున్నాం గదా! ఆ బూడిద తవ్వినప్పుడు ఇటుకల గుమ్మటం పొయ్యిలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. ఒక రొట్టెల బట్టీలోనైతే 81 రొట్టెలు బొగ్గయిపోయి, పొయ్యిలో పెట్టినవి పెట్టినట్టే దొరికాయి. పంచుకోవడానికి వీలుగా గుండ్రటి రొట్టె మీద ఎనిమిది భాగాలకు గీట్లు కూడా ఉన్నాయి. "రెండు వేల ఏళ్లయింది. పొయ్యి మారలేదు. నువ్వు మార్చబోకు" అన్నాడు ముసలాయన నాతో.

అలా మా గురువు దొరికాడు.

మావాడు నక్షా గీయించి పురపాలక కార్యాలయంలో ఇచ్చి అనుమతి తెచ్చాడు. పునాది తవ్వాం. ఆ దేశంలో చలికాలం నేల రెండున్నర, మూడడుగుల లోతు దాకా గడ్డ కడుతుంది. గడ్డ కట్టిన నేల ఉబ్బుతుంది. పైపైన పునాది వేస్తే వసంతకాలానికి పొయ్యి పక్కకు ఒరుగుతుంది. అంచేత లోతుగా తవ్వి, రాళ్లు పోసి, పైన కాంక్రీటు వేశాం. దాని మీద నడుమెత్తు అరుగు. వంగి వంట చేసే దేశం కాదు గదా అది.

ఆ అరుగు మీద నాలుగంగుళాల మందాన ఒక తెల్లటి పొర పరిచాం. పెర్లైటు అంటారు. అగ్నిపర్వతపు గాజును కాలిస్తే మరమరాల్లా ఉబ్బుతుంది. తూకమే ఉండదు. దాన్ని సిమెంటుతో కలిపి పోస్తే, పైనున్న వేడి కిందికి దిగిపోదు. ఇది లేకపోతే ఎన్ని కట్టెలు కాల్చినా ఆ వేడి అరుగు తాగేస్తుందిట. నా ఉద్యోగంలో బరువు మొయ్యడం గురించే ఆలోచించాను గాని, వేడిని మొయ్యడం గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ పొర మీద నేలకు కొలిమి ఇటుకలు. ఒక్కొక్కటి తొమ్మిదంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, రెండున్నర మందం. మామూలు ఇటుక ఎర్రన, ఇది లేత పసుపు. మామూలు ఇటుక పొయ్యిలో మాటిమాటికీ కాగి చల్లారితే బీటలిచ్చి పెచ్చులూడుతుంది. ఇది తట్టుకుంటుంది. వాటిని చేపముల్లు వరసలో పరవమన్నాడు ముసలాయన. నిటారుగా పరిస్తే ప్రతి కీలు దగ్గరా చెక్కపార అంచు తగులుకుంటుందిట. ఏటవాలుగా పరిస్తే జారిపోతుంది.

మధ్యలో ఒకరోజు ఆయన నన్ను తన కారులో ఎక్కించుకుని రారిటన్ నది అవతల ఉన్న సేయర్‌విల్ అనే ఊరు తీసుకువెళ్లాడు. ఎందుకో చెప్పలేదు. ఆ ఊళ్లో 1850లో సేయర్, ఫిషర్ అనే ఇద్దరు కలిసి ఇటుకల కర్మాగారం పెట్టారు. 1970లో మూతబడేలోగా కోట్లాది ఇటుకలు కాల్చింది. ఊరు పేరే సేయర్‌గారి పేరు. పెద్ద వీధిలో ఎర్ర ఇటుకల భవనం ఒకటి చూపించాడు. 1883లో కట్టిన పఠనమందిరమట. ఇటుకల డబ్బుతో లేచిన పుస్తకాల గది! ఇప్పుడు ఆ కర్మాగారపు నేల మీద ఇళ్లు లేచాయి.

ఆ నేల విశేషం విన్నాక నాకు మరీ ఆశ్చర్యమేసింది. అక్కడి బంకమన్ను రమారమి 9 కోట్ల ఏళ్ల కిందటిది. ఆ మట్టిగుంటల్లో ఆనాటి పువ్వులు శిలాజాలై దొరికాయి. అదే మట్టి పక్కనున్న ఉడ్‌బ్రిడ్జిలోనూ, పెర్త్ అంబాయిలోనూ ఉంది. కొలిమి ఇటుకలకు ఆ మట్టి పందొమ్మిదో శతాబ్దంలోనే పేరు మోసింది. అంటే మనవాళ్లు చీరలూ గోంగూరా అమ్ముకుంటున్న ఆ నేల కింద ఉన్నది పొయ్యిలకు పనికివచ్చే మన్నే! మా రాజమండ్రి చుట్టుపక్కల గోదావరి ఒండ్రుతో ఇటుకలు కోసి, బట్టీలు పేర్చి, ఊకతో కాల్చడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. ఆ వాసన ముక్కుకు తగిలినట్టయింది.

వచ్చేటప్పుడు ఆయన తన గారేజీ మూలనుంచి పాత ఇటుకలు ఇరవై తీసి ఇచ్చాడు. ఒక్కొక్కదాని మీద సేయర్, ఫిషర్ల పేరు లోతుగా ముద్రించి ఉంది. "ముఖం కమానుకు పెట్టు. లోపల వద్దు" అన్నాడు.

ఇహ గుమ్మటం సంగతి. ముప్పై ఆరంగుళాల అడ్డం, పద్ధెనిమిది అంగుళాల ఎత్తు. సగం కొబ్బరిచిప్ప బోర్లించినట్టు. ఇటుకలను రెండేసి ముక్కలు చేసి, వరసలు వరసలుగా లోపలికి వంచుతూ పోవాలి. మూడు పాళ్లు ఇసుక, ఒకటి సున్నం, ఒకటి సిమెంటు, ఒకటి కొలిమి మట్టి కలిపి అడుసు చేశాం. నేల నడుమ ఒక మేకు పాతి, దానికి తిరిగే కర్ర అమర్చి, కర్ర చివర చిన్న బద్ద కొట్టాడు ముసలాయన. ప్రతి ఇటుకా ఆ బద్దకు ఆనాలి. ఆనితే దూరమూ సరి, వంపూ సరి. నేనిన్నాళ్లూ చేత్తో పట్టుకు తిరిగిన కొలతల పెట్టె అంతా ఆ ఒక్క కర్రలో ఉంది.

మొదటి రోజు నేను పెట్టిన ఇటుకలు ఏడు. ఏడూ జారాయి. చేతివేళ్లు సున్నానికి కొరుక్కుపోయాయి. నడుం పట్టేసింది. మనవడు పక్కన కూర్చుని, "తాతయ్యా, ఇది వంకర" అన్నాడు. ముప్పై అయిదేళ్లు నేను ఇతరులకు చెప్పిన మాట. విప్పి మళ్లీ పెట్టాను.

గుమ్మటంలో ఒక చిత్రం ఉంది. వరస సగం కట్టినంతసేపూ ఇటుకలు లోపలికి పడిపోతామంటాయి. వరస చుట్టూ తిరిగి కలుసుకుందా, ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుని నిలబడిపోతాయి. కింద ఆధారం అక్కరలేదు. ఫ్లారెన్సు నగరంలో బ్రూనెలెస్కీ అనే ఆయన 1420లో మొదలుపెట్టి 1436కు ముగించిన మహా గుమ్మటం, నేల నుంచి లేపిన సెంట్రింగు లేకుండానే లేచింది. ఆ సంగతి ముసలాయన తన మేనమామ చేసిన పనిలా చెప్పుకున్నాడు.

గుమ్మం ఎత్తుకు కూడా లెక్క ఉంది. గుమ్మటం ఎత్తులో నూటికి 63 పాళ్లు. మా పొయ్యికి పదకొండంగుళాల పైచిలుకు. ఎక్కువైతే వేడి పారిపోతుంది. తక్కువైతే నిప్పుకు ఊపిరాడదు. గుమ్మటానికి మీద పొగగొట్టం ఉండదు. గుమ్మం కిందిభాగాన చల్లగాలి లోపలికి పోయి, నిప్పును రాజేసి, గుమ్మటం వెంట తిరిగి, గుమ్మం పైభాగం నుంచి పొగై బయటికి వస్తుంది. పొగగొట్టం గుమ్మానికి ముందు. ఒకే వాకిట్లోంచి రావడమూ పోవడమూ.

ఆగస్టు నెలాఖరుకు నడినెత్తిన రంధ్రం ఒక్కటి మిగిలింది. దానికి తగ్గట్టు ఇటుకను అరగదీసి, "నువ్వు పెట్టు" అని నా చేతికిచ్చాడు ముసలాయన. పెట్టి, చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేశాను. మావాడు చప్పట్లు కొట్టాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతో కాదు. 1981 నాటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చి.

అప్పుడు నేను కోనసీమలో పని చేస్తున్నాను. ఒక పంట కాలవ మీద చిన్న కమాను వంతెన కట్టిస్తున్నాం. సిమెంటుకు కటకటగా ఉన్న రోజులు. గానుగ సున్నంతో పని. కమాను పూర్తయింది. పైఅధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు. కమాను కింద సెంట్రింగు చెక్కలు ఉంటే పని తెమల్లేదనుకుంటాడని, వాటిని తీసెయ్యమన్నాను. తాపీమేస్త్రి పెద్దవాడు. "ఆరలేదు బాబుగారూ. సున్నానికి తొందర పనికిరాదండి. ఇంకో పది రోజులుండనివ్వండి" అన్నాడు. నేను వినలేదు. మాట మీద మాట పెంచి, తీస్తావా తీయవా అన్నాను. తీశాడు. తీస్తూండగానే కమాను నడుం దిగి, రెండు వరసలు జారి, అతని కుడిచెయ్యి నలిగింది. రెండు వేళ్లు పోయాయి.

నేను పైకి రాసిన నివేదికలో "మేస్త్రి అజాగ్రత్త వలన" అని రాశాను. అతను వేలిముద్ర వేశాడు. అందులో ఏముందో అతనికి చదివి వినిపించలేదు. మరి ఆ చుట్టుపక్కల ఎవరూ అతనికి పని ఇవ్వలేదని తరువాత విన్నాను. విని ఊరుకున్నాను. మా ఇంటావిడకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

అయితే మనిషి నేర్చుకుంటాడా? గుమ్మటం మీద ఉన్నిలాంటి పింగాణీ నూలు దుప్పటి కప్పి, సున్నపు గార పూసేసరికి అక్టోబరు వచ్చింది. చెట్ల ఆకులు పసుపు, ఎరుపు తిరిగాయి. నా తిరుగు ప్రయాణం అక్టోబరు 20న. ముసలాయన మాత్రం, "ముందు ఆరనివ్వు. ఆ తరువాత వారం రోజులు చిన్నచిన్న మంటలు. మొదటిరోజు చెయ్యి కాచుకునేంత. రోజుకు కాస్త చొప్పున పెంచు. నేను వచ్చి చెబుతాను" అని, కూతురి ఇంటికి వెళ్లాడు. నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. ఈ లెక్కన పీజా తినకుండానే విమానమెక్కాలి. నాలుగో రోజు మధ్యాహ్నం, ఇంట్లోవాళ్లు ఎవరి పనిలో వాళ్లుండగా, నాలుగు కట్టెలు ఎక్కువే పేర్చి వెలిగించాను. బడి నుంచి వచ్చిన మనవడు గంతులేశాడు. "ఇంకో కట్టె వెయ్యనా తాతయ్యా?" అన్నాడు. వెయ్యమన్నాను.

నీళ్లు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా పెరుగుతాయి. ఇటుక కీళ్లలో, గారలో దాగిన తడి అంతా ఒక్కసారి బయటికి రావాలని చూసింది. ముందు గార మీద చెమట పట్టింది. తరువాత పొగలా ఆవిరి. ఆ తరువాత "టప్" మని చప్పుడు. గుమ్మం పక్కనుంచి నెత్తి దాకా వంకరగా ఒక బీట పరుగెత్తింది. వేలిగోరు దూరేంత.

మర్నాడు ముసలాయన వచ్చాడు. బీట వెంట వేలు పోనిచ్చి చూశాడు. ఎవరినీ ఏమీ అనలేదు. కాసేపటికి మనవడి వంక చూసి, నవ్వుతూ, "పిల్లవాడు తొందరపడ్డాడా?" అన్నాడు.

మావాడూ అక్కడే ఉన్నాడు. కుర్రవాడు బిక్కమొహం వేసుకుని నావైపు చూశాడు. నిజమే గదా, కట్టె వేసినవాడు వాడే. నేను ఊరుకుంటే చాలు. ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ నన్ను వదలలేదు.

"పిల్లవాడు కాదు. నేను వెలిగించాను. కట్టె వెయ్యమన్నదీ నేనే" అన్నాను.

ముసలాయన తల ఊపి, "అయితే బాగుచెయ్యవలసింది కూడా నువ్వే" అని, తాపీ నా చేతికిచ్చాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయికి కోనసీమ కథ మొత్తం చెప్పాను. వాడు అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "ఆయన పేరు గుర్తుందా నాన్నా?" అని మాత్రం అడిగాడు. ఉందన్నాను.

టిక్కెట్టు నవంబరు 9కి మార్చుకున్నాను. బీటను గీకి, లోతుగా అడుసు కూరి, తడిగుడ్డ కప్పి, పదిరోజులు ముట్టుకోలేదు. ఆ తరువాత వారం రోజులు మంటలు. మొదటిరోజు గుప్పెడు పుల్లలు, రెండోరోజు రెండు గుప్పెళ్లు. నేను స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చునేవాణ్ణి. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఒక పని దగ్గర అంత ఓపికగా కూర్చున్న గుర్తు లేదు.

అక్టోబరు 28, శనివారం సాయంత్రం అసలు మంట పెట్టాం. ముందు గుమ్మటం లోపలంతా మసి పట్టి కాటుకలా నల్లబడింది. గంట దాటాక నడినెత్తిన తెల్లటి మచ్చ కనిపించింది. అది పాకుతూ పాకుతూ కిందికి దిగింది. వేడి హెచ్చినకొద్దీ మసి కూడా కాలిపోయి ఇటుక మళ్లీ తెల్లబడుతుంది. పొయ్యి సిద్ధమయిందనడానికి అదే గుర్తు. నిప్పులు ఒక పక్కకు నెట్టి, నేల ఊడ్చాం. నేల వేడి 430 డిగ్రీలు.

పీజా పుట్టిల్లు నేపుల్సు. 1889లో ఇటలీ రాణి మార్గరీటాకు ఆ ఊరి వంటవాడొకడు రామ్ములక్కాయ, జున్ను, తులసి జాతి ఆకు వేసి కాల్చి ఇచ్చాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ కథ. ఆ కథకు ఆధారమైన ఉత్తరం అసలైనదేనా అని చరిత్రకారులు సందేహించారనుకోండి. నేపుల్సు పీజా చేసే విద్యను 2017లో యునెస్కో మానవజాతి వారసత్వాల్లో చేర్చింది. తమాషా ఏమిటంటే, ఆ రామ్ములక్కాయ ఇటలీది కాదు, అమెరికా ఖండం నుంచి వెళ్లినది. మన మిరపకాయా అంతే. సముద్రం దాటి మన ఇంటికొచ్చి మనదైపోయింది.

ముసలాయన పిండి ముద్దను వేళ్లతో నొక్కి, గాలిలో తిప్పి, రామ్ములక్కాయ రసం పూసి, చెక్కపార మీద నుంచి లోపలికి జార్చాడు. పిండి అడుగున ఇటుకల వేడి, పైన గుమ్మటం కక్కే వేడి, చుట్టూ తిరిగే గాలి వేడి. మూడూ కలిసి పని చేస్తాయి. అంచులు పూరీలా పొంగి, అక్కడక్కడ మాడి, 90 సెకన్లలో బయటికి వచ్చింది. నేను వేసిన మొదటిది మడతపడి, నిప్పుల్లోకి దొర్లి బొగ్గయింది. పాంపే రొట్టె అని పేరు పెట్టాడు మనవడు. మూడోది తినేట్టు వచ్చింది. కోడలు నాలుగోదాని మీద సన్నగా తరిగిన పచ్చిమిరపకాయలు వేసింది. ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకుంటూనే రెండు ముక్కలు తిన్నాడు.

అందరూ పడుకున్నాక పొయ్యిని చూడ్డానికి వెళ్లాను. నిప్పులు ఆరిపోయాయి. గుమ్మానికి చెక్కతలుపు అడ్డం పెట్టాం. పొద్దున్న చూస్తే లోపల ఇంకా వేడి. ఆ ఇటుకలు తాగిన నిప్పును కొద్దికొద్దిగా వదులుతున్నాయి. అప్పుడు తట్టింది నాకు. మా అమ్మ పెరట్లో దాలి ఉండేది. గుంటలో పిడకలు రాజేసి, కుండతో పాలు పెట్టి మూత వేసేది. పొద్దుగూకేదాకా అవి కాగుతూనే ఉండేవి. మంట లేదు, పొంగడం లేదు. సాయంత్రానికి ఎర్రటి మీగడ అట్టు కట్టేది. పెళ్లయిన కొత్తలో మా ఇంటావిడ కూడా ఆ మీగడ కోసం మా అమ్మ వెనకాల తిరిగేది.

ఇంట్లో ఉన్న మట్టి మూకుట్లో పాలు పోసి, పొయ్యి లోపల పెట్టి, తలుపు మూశాను. సాయంత్రం తీశాం. లేత గులాబి రంగు పాలు. పైన ఎర్రమీగడ. మా అబ్బాయి వేలితో తీసి నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా మరోవైపు తిరిగాడు. "తాతయ్యా, ఇదేం పీజా?" అన్నాడు మనవడు.

నవంబరు 9న బయలుదేరాను. ముసలాయన కంచె దగ్గర నిలబడి తల ఊపాడు. అంతే.

ఇంటికి వచ్చిన వారానికి బస్సెక్కి ఆ కోనసీమ ఊరు వెళ్లాను. పాత వంతెన లేదు, కాంక్రీటుది కట్టారు. మేస్త్రి పోయి ఆరేళ్లయిందిట. కొడుకున్నాడు, అతనిదీ తాపీపనే. అరుగు మీద కూర్చోబెట్టాడు. నేను చెప్పవలసినదంతా చెప్పాను. నివేదికలో ఏం రాశానో కూడా చెప్పాను. అతను తలవంచుకుని విన్నాడు. "ఆ సంగతి నాన్న ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదండి. కమాను జారిందని మాత్రం అనేవాడు" అన్నాడు. ఆ తరువాత చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అతని భార్య టీ తెచ్చి ఇచ్చింది.

వెళ్లబోయేముందు నా టెలిఫోనులో పొయ్యి బొమ్మ చూపించాను. నా చేత్తో కట్టానని చెప్పాను. అతను కళ్లు చిట్లించి, బొమ్మను దగ్గరికి పెద్దది చేసి, చాలాసేపు చూశాడు.

"బాగానే ఉందండి. మూడో వరసలో రెండుచోట్ల కీలు మీద కీలు పడిపోయిందండి. నాన్నయితే విప్పించేవాడు" అన్నాడు.